ఒకే చేను, మూడు సందర్శనలు: ప్రాథమిక పాఠశాల పిల్లలకు ప్రత్యక్ష పరిసర విద్య

వేరుశనగ మొక్కకు కాయలు ఎక్కడ కాస్తాయి? రాయలసీమలోని ఒక ప్రాథమిక పాఠశాలలో అయిదవ తరగతి పిల్లలను ఈ ప్రశ్న అడిగినప్పుడు "వేళ్ళకు" అని దాదాపు అందరూ ఒక్క గొంతుతో సమాధానమిచ్చారు. వారిలో ఎక్కువమంది వేరుశనగ పండించే కుటుంబాల పిల్లలే. అంతకు నెల రోజుల ముందు వారంతా మా పరిశోధన క్షేత్రాన్ని చూసి వెళ్ళారు. వేరుశనగ పైరు పక్కన నిలబెట్టి వారికి పాఠం చెప్పినది నేనే.

లోపం ఎక్కడ ఉన్నదని ఆలోచించగా అది నా పద్ధతిలోనే కనిపించింది. వందకు పైగా పిల్లలను ఒకే రోజున రెండు బస్సుల్లో రప్పించాము. భూసార పరీక్షా ప్రయోగశాల, వాతావరణ కేంద్రం, బిందుసేద్యపు క్షేత్రం, యంత్రపరికరాలు, వానపాముల ఎరువు తొట్లు అన్నింటినీ మూడు గంటల్లో చూపించాము. ప్రతి చోటా ఒక శాస్త్రవేత్త మైకులో వివరించారు. పిల్లలు వరుసలో నడిచారు, విన్నారు, అల్పాహారం తీసుకొని వెళ్ళిపోయారు. ఎవరి చేతికీ మట్టి అంటలేదు. మా నెలవారీ నివేదికలో మాత్రం ఆ కార్యక్రమం విజయవంతమైనట్లు నమోదయింది.

పర్యావరణాన్ని విద్యాసంస్థల్లో తప్పనిసరి పాఠ్యాంశంగా బోధించాలని సుప్రీంకోర్టు 1991 లోనే ఎం.సి. మెహతా కేసులో స్పష్టం చేసింది. బడిలో నేర్చే జ్ఞానాన్ని బడి వెలుపలి జీవితంతో అనుసంధానించాలన్నది జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం-2005 మార్గదర్శక సూత్రాల్లో మొదటిది. పరిసరాల విజ్ఞానం పాఠ్యపుస్తకాల్లో నేల, నీరు, మొక్కలు, కీటకాలు అన్నీ ఉన్నాయి. కొరవడినది పిల్లవాడు తన చేతితో ఒక విషయాన్ని పరీక్షించి తెలుసుకొనే అవకాశం. ఆ అవకాశాన్ని కల్పించగల క్షేత్రాలు, నిపుణులు మన వద్ద ఉన్నారు.

ఒకే చేను ఎందుకు?

మరుసటి ఖరీఫ్‌లో పద్ధతిని మార్చాము. పది చోట్లను ఒకసారి చూపడానికి బదులు, పాఠశాలకు నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఉన్న ఒక రైతు చేనును మూడుసార్లు చూపాలని నిర్ణయించాము. పైరు మార్పును గమనించడానికి ఒక్క రోజు చాలదు. మొన్న చూసిన మొక్క నేడు ఎలా ఉన్నదన్న పోలికలోనే పరిశీలన మొదలవుతుంది. వర్షాధార వేరుశనగ ఇందుకు ఎంతో అనువైన పంట. జూన్‌లో బడులు తెరిచిన తరువాత విత్తనం పడుతుంది, దసరా సెలవుల తరువాత కోత ముగిసిపోతుంది. పంటకాలం, పాఠశాల కాలం కలిసి నడుస్తాయి.

మొదటి సందర్శన విత్తే సమయంలో. పిల్లలు పిడికెడు మట్టిని గాజుసీసాలోని నీటిలో కలిపి కుదిపారు. ఇసుక నిమిషంలోపే అడుగుకు చేరింది, బంకమట్టి మరునాటికి కూడా నీటిని తేటపడనీయలేదు. తరువాత సాళ్ళ మధ్య దూరాన్ని కొలిచారు. ఖరీఫ్ వేరుశనగకు సిఫారసు చేసిన సాళ్ళ దూరం 30 సెం.మీ., అంటే వారి సంచిలోని స్కేలు పొడవు. సాలులో మొక్కకూ మొక్కకూ 10 సెం.మీ. చొప్పున చదరపు మీటరుకు సుమారు 33 మొక్కలని వారే లెక్కకట్టారు.

రెండవ సందర్శన విత్తిన 40-45 రోజులకు. ఇదే కీలకమైనది. పసుపుపచ్చని పువ్వు నేలపైన పూస్తుంది, ఫలదీకరణ తరువాత ఊడ క్రిందికి సాగి నేలలోకి దిగుతుంది, దాని కొనలో కాయ ఊరుతుంది. కాయ నేలలో ఉన్నప్పటికీ అది వేరుకు కాసినది కాదు. ఈ సంగతిని మేము ముందుగా చెప్పలేదు. ప్రతి జట్టుకు ఒక మొక్కను పెకలించి ఇచ్చి, పువ్వు నుండి కాయ వరకు దారి వెదకమన్నాము. కొంతసేపటికి ఒక బాలిక ఊడను వేలితో పట్టుకొని "ఇది పైనుంచి వచ్చింది సార్, వేరు కాదు" అన్నది. నేను మైకులో చెప్పినదీ అదే. అయితే ఈసారి అది ఆమె కనుగొన్న సత్యం. వేరుబుడిపెలను గోటితో చీల్చి లోపలి గులాబీ రంగును చూశారు. ఆ రంగు ఉన్న బుడిపెలు చురుకుగా నత్రజనిని స్థిరీకరిస్తున్నవని అప్పుడు వివరించాము. పేనుబంకను తింటున్న అక్షింతల పురుగును చూసిన పిల్లలు, పురుగులన్నీ పైరుకు శత్రువులు కావని గ్రహించారు. కొన్ని మొక్కల కొమ్మలకు, పై కణుపుల వద్ద, రంగుదారం కట్టి వచ్చారు.

మూడవ సందర్శన కోత సమయంలో. దారం కట్టిన పై కణుపుల ఊడలు అనేకం నేలను చేరక గాలిలోనే ఎండిపోయాయి. "మరి వీటికి కాయలెందుకు లేవు?" అన్న ప్రశ్న పిల్లల నుండే వచ్చింది. మొక్కకు గట్టి కాయలెన్ని, లేత కాయలెన్ని లెక్కపెట్టి, సగటును 33 తో గుణించి చదరపు మీటరు దిగుబడిని అంచనా వేశారు. తరగతిలో పెదవి విప్పని ఒక బాలుడు, గట్టిపడిన నేలలో కాయలు తెగి ఉండిపోకుండా మొక్కను ఎలా పీకాలో తోటివారికి చూపాడు. ఉపాధ్యాయురాలు ఆశ్చర్యంగా చూస్తూ నిలబడిపోయారు.

పాటించవలసిన జాగ్రత్తలు

జట్టుకు ఎనిమిది లేక పదిమందికి మించరాదు, ప్రతి జట్టు వెంట ఒక పెద్దవారు ఉండాలి. పురుగుమందు చల్లిన చేనులోకి పిల్లలను దించరాదు. ఇటీవలి పిచికారీ వివరాలను రైతును అడిగి తెలుసుకొన్న తరువాతే తేదీ నిర్ణయించాలి. గట్టులేని బావులను, వయ్యారిభామ మొలిచిన గట్లను ముందుగా గుర్తించి తప్పించాలి. ఊడలు దిగిన తరువాత నేలను కదపరాదని రైతులకు మనమే చెబుతాము. అందువల్ల రెండవ సందర్శనలో పిల్లలను గట్టు వెంబడి నిలిపి, అంచు సాలులోని మొక్కలనే వాడాలి. పెకలించిన మొక్కలకు రైతుకు వెల చెల్లించాలి. ఎండ ముదరక ముందే ముగించి, సబ్బుతో చేతులు కడిగించి పంపాలి.

మనవంతు బాధ్యత

ఇందుకు ప్రత్యేక నిధులు అక్కరలేదు. గాజుసీసాలు, దారం, స్కేలు, నోటుపుస్తకం చాలు. బి.ఎస్సీ. (వ్యవసాయం) చివరి సంవత్సరం విద్యార్థులు గ్రామీణ అనుభవ కార్యక్రమంలో భాగంగా గ్రామాల్లోనే బస చేస్తారు. ఆ ఊరి బడిని, ఆ ఊరి చేనును కలిపే బాధ్యతను వారికి అప్పగించవచ్చు. పదేళ్ళ పిల్లవాడికి అర్థమయ్యేలా ఊడ దశను వివరించడం నేర్చిన విద్యార్థి, రేపు రైతుకు కూడా స్పష్టంగా చెప్పగలడు. కృషి విజ్ఞాన కేంద్రాలు తమ పరిధిలో ఏటా ఒక్క పాఠశాలతోనైనా ఈ పద్ధతిని ఆరంభించాలి. వరి పండే చోట వరితో, కంది పండే చోట కందితో ఇదే క్రమాన్ని రూపొందించుకోవచ్చు.

నివేదిక నమూనాను కూడా మార్చుకోవలసి ఉన్నది. హాజరైన పిల్లల సంఖ్య, ఛాయాచిత్రాలతో పాటు సందర్శనకు ముందు, నెల తరువాత అడిగిన ఒకే ప్రశ్నకు పిల్లలిచ్చిన సమాధానాలను అందులో నమోదు చేయాలి. నా మొదటి కార్యక్రమానికి అటువంటి గడి ఒకటి ఉండి ఉంటే, దాన్ని విజయవంతమని వ్రాసే సాహసం నేను చేసి ఉండేవాడిని కాను.