దరఖాస్తు పంపాక వివరాలు మారాయా?

కళాశాలలో చెబితే చాలదు.. ‘దోస్త్‌’లో సరిచేయించుకోవాలి

చార్మినార్‌: డిగ్రీ ప్రవేశానికి దరఖాస్తు పంపాక ఫోన్‌ నంబరు మారుతుంది. సప్లిమెంటరీలో మార్కులు పెరుగుతాయి. ఆధార్‌లో పేరు మారుతుంది. ఆ సంగతి ఎవరికి తెలపాలన్నది పాతబస్తీ విద్యార్థులకు, తల్లిదండ్రులకు తరచూ ఎదురయ్యే సందేహం.

పూర్వం ఈ చిక్కు లేదు. నయాపూల్‌ వద్ద సిటీ కళాశాలైనా, హుస్సేనీఆలం మహిళా డిగ్రీ కళాశాలైనా దరఖాస్తు అక్కడే ఇచ్చేవారు. మార్పు ఉంటే ప్రిన్సిపాల్‌కు వినతిపత్రం రాసేవారు. 2016లో ‘దోస్త్‌’ ఆన్‌లైన్‌ విధానం వచ్చాక కళాశాలల ఎంపిక, సీటు కేటాయింపు ఒకేచోటికి చేరాయి. సీటు ఖరారు కాకముందు కళాశాల గుమాస్తాకు ఎంత మొరపెట్టుకున్నా ఆయన చేయగలిగింది స్వల్పమే.

ఫోన్‌ నంబరే కీలకం

అన్నింటికన్నా ప్రమాదకరమైనది నంబరు మార్పు. దోస్త్‌ ఐడీ, ఆరంకెల పిన్‌ దానికే వస్తాయి. సీటు వచ్చాక కళాశాలలో చూపవలసిన ‘కాలేజీ కన్ఫర్మేషన్‌ ఓటీపీ’ కూడా దానికే చేరుతుంది. అది చెప్పనిదే ప్రవేశం ఖరారు కాదు. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉండటం, గల్ఫ్‌ వెళ్తూ తండ్రి ఆ సిమ్‌ తీసుకెళ్లడం ఇక్కడ కొత్త కాదు. అలాంటప్పుడు తొలుత ఆధార్‌కు కొత్త నంబరు జతచేయించాలి. ఆపై మీసేవకు గానీ, దోస్త్‌ హెల్ప్‌లైన్‌ కేంద్రానికి గానీ వెళ్లి దోస్త్‌లోనూ మార్పించుకోవాలి. ఒకచోట మార్చినంత మాత్రాన రెండోచోట దానంతటది మారిపోదు.

ఉర్దూలో ఒకేలా రాసే పేరు ఆంగ్లంలో పలు రకాలుగా మారుతుంది. మెమోలో ‘మొహమ్మద్‌’ అని, ఆధార్‌లో పొట్టిగా ‘ఎండీ’ అని ఉంటే ఇబ్బందే. పదో తరగతి మెమోను చూసుకునే ఆధార్‌ దిద్దించుకోవడం మేలు. సాధారణంగా ఆధార్‌లో పేరును రెండుసార్లు, పుట్టినతేదీని ఒక్కసారే మార్చుకునే వీలుంది. తొందరపడి ఆ అవకాశాన్ని పోగొట్టుకోరాదు.

మార్కులు పెరిగినవారు దోస్త్‌లో కొత్తవి నమోదయ్యాయో లేదో చూసుకోవాలి. లేకుంటే మెమోతో హెల్ప్‌లైన్‌ కేంద్రాన్ని ఆశ్రయించాలి. కోర్సు విషయంలో మనసు మారితే గడువులోగా వెబ్‌ ఆప్షన్లు మార్చుకోవచ్చు. సీటు వచ్చి సెల్ఫ్‌ రిపోర్టింగ్‌ చేసినవారు తర్వాతి విడతలోనూ పాల్గొనవచ్చు. అయితే కొత్త సీటు వస్తే పాతది పోతుంది. రెండింటిలో నచ్చినది ఎంచుకుంటామంటే కుదరదు.

దోస్త్‌ పరిధిలో లేని కళాశాలల పద్ధతి వేరు. అక్కడ నేరుగా కార్యాలయానికే లిఖితపూర్వకంగా తెలిపి, అందినట్లు రసీదు తీసుకోవాలి. అమెరికాలో ‘కామన్‌ అప్లికేషన్‌’ ద్వారా దరఖాస్తు చేసేవారిదీ దాదాపు ఇదే దారి. ఒకసారి పంపిన దరఖాస్తును దిద్దే వీలుండదు గనుక కొత్త మార్కులైనా, చిరునామా అయినా ప్రతి కళాశాల ప్రవేశాల విభాగానికీ విడివిడిగా పంపాల్సిందే.

ఇక బోధన రుసుం, ఉపకారవేతనాల దరఖాస్తు ‘ఈపాస్‌’ది. ఇది దోస్త్‌తో సంబంధం లేని మరో ఖాతా. దరఖాస్తు చేశాక కళాశాల గానీ, బ్యాంకు ఖాతా గానీ మారితే ఆ వివరం అక్కడా ఇవ్వాలి. ఈ దశలో మాత్రం విద్యార్థి ముందుగా వెళ్లాల్సింది తాను చేరిన కళాశాల కార్యాలయానికే. ఈపాస్‌ దరఖాస్తులను తొలుత పరిశీలించి పైకి పంపేది వారే.