ఫోన్ స్క్రీన్‌లో పట్టుచీర ప్లాస్టిక్‌లా ఎందుకు కనిపిస్తుంది?

మాది పెద్దతిప్పసముద్రం. పట్టుచీరలంటే మా వైపు ముందు గుర్తొచ్చేది మదనపల్లె దగ్గరి నీరుగట్టువారిపల్లె మగ్గాలే. ఇప్పుడు వాట్సాప్‌లో ఫొటో చూసి కూడా చీరలు కొంటున్నాం. తీరా చేతికొచ్చాక "ఫొటోలో ఇలా లేదే!" అంటాం. మెగాపిక్సెల్స్ పెంచితే ఈ తేడా పోదు. ఎందుకో చూద్దాం.

డబుల్ షేడ్ చీరలో పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. బట్టను కాస్త వంచితే ఒక రంగు తగ్గి ఇంకోటి పైకొస్తుంది. పైగా పట్టుపోగు పొడవునా నున్నగా ఉంటుంది కాబట్టి మెరుపు గుండ్రటి చుక్కలా కాకుండా చారలా సాగుతుంది. గ్రాఫిక్స్‌లో దీన్నే అనైసోట్రోపీ అంటారు.

గేమ్స్‌లో మెటీరియల్స్‌కి ఇప్పుడు వాడేది ఫిజికల్లీ బేస్డ్ రెండరింగ్. 2012లో డిస్నీకి చెందిన బ్రెంట్ బర్లీ వివరించిన మోడల్‌లో బేస్ కలర్ కాక 10 సెట్టింగ్స్ ఉన్నాయి: రఫ్‌నెస్, మెటాలిక్, అనైసోట్రోపిక్, బట్టల కోసం షీన్ వగైరా. పట్టుకి రఫ్‌నెస్ ఒక్కటే తగ్గించి వదిలేస్తే గుండ్రటి మెరుపు వస్తుంది. అది ప్లాస్టిక్ బకెట్ మెరుపు!

సెట్టింగ్స్ సరిగ్గా ఉన్నా, లైటింగ్ కూడా ముఖ్యమే. 2003లో ఫ్లెమింగ్, డ్రోర్, ఏడెల్సన్ చేసిన ప్రయోగాల్లో, నిజమైన పరిసరాల వెలుగులో చూపిన గోళాల నునుపుని జనం బాగా గుర్తుపట్టారు. ఒకే ఒక్క లైట్ లాంటి కృత్రిమ వెలుగులో అంత బాగా పట్టలేకపోయారు. కిటికీ, ఆకాశం, చెట్టు ఆ మెరుపులో కనబడితేనే మన మెదడుకి ఆనవాళ్లు దొరుకుతాయి.

ఇక స్క్రీన్‌తో అసలు చిక్కు. ఎదురుగా ఉన్న చీర మెరుపు మన రెండు కళ్లకీ కొంచెం వేర్వేరు చోట్ల పడుతుంది, తల కదిపితే అదీ జరుగుతుంది. ఫొటోలో మెరుపు ఉన్నచోటే అతుక్కుని ఉంటుంది. అంటే రెండు రంగులు కలిపి నేసిన పనితనమే ఫొటోలో ముందుగా పోతుంది. బేరం మాత్రం ఆ ఫొటో చూసే ఆడతాం.

అందుకే ఫొటో కాదు, వీడియో అడగండి. ఫ్లాష్ ఆపేసి, కిటికీ పక్కన, ఎక్స్‌పోజర్ లాక్ చేసి, చీరను మెల్లగా వంచుతూ 10 సెకన్లు తీస్తే చాలు. బ్లెండర్ వాడేవాళ్లయితే అనైసోట్రోపిక్ పెంచి, హెచ్‌డీఆర్‌ఐ లైటింగ్ పెట్టి, కెమెరాను కొంచెం కదిపి చూడండి. తేడా మీకే తెలుస్తుంది.