కంప్యూటరు మీద చదరంగము – కొత్తవారికి కొన్ని మాటలు

మేము కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో ఉన్నాము. మా పిన్ని కొడుకు ఫిజీలోని నాందిలో ఉన్నాడు. ఇద్దరమూ కంప్యూటరు మీద చదరంగము ఆడుకొంటున్నాము. ఒక్కొక్క ఎత్తుకు మూడు రోజుల గడువు. వారికి మంగళవారము ఉదయమైతే మాకింకా సోమవారము మధ్యాహ్నమే గనుక ఈ పద్ధతి మాకు బాగా కుదిరినది. ఎత్తుతోపాటు ఇంటి కబుర్లు కూడ రెండు ముక్కలు వచ్చును. ఇట్లుండగా పోయిన నెలలో తమ్ముడు, "అక్కా, బయటివారితో ఆడినవన్నీ ఓడిపోయాను. నాకు వచ్చిన అంకె ఆరు వందలు. నా తెలివి ఇంతే" అని వ్రాసి, మా ఆటను కూడ మధ్యలో వదిలివేసినాడు. పెద్ద వయసులో ఈ ఆట మొదలుపెట్టిన మనవారు మరికొందరు కూడ ఇదే మాట అన్నారు. అందువలన ఈ వ్యాసము.

ముందు ఆ అంకె సంగతి. దానిని రేటింగు అందురు. ఈ లెక్కకు మూలపురుషుడు అర్పాద్ ఎలో. ఆయన 1903లో హంగేరీలో పుట్టి, అమెరికాలోని మిల్వాకీ నగరములో మార్క్వెట్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము బోధించిన ఆచార్యులు. ఆయన పద్ధతిని అమెరికా చదరంగ సమాఖ్య 1960లోను, ప్రపంచ సమాఖ్య 1970లోను స్వీకరించినవి. ఇది తెలివికి కొలత కాదు. ఇద్దరు ఆడితే ఫలితము ఎట్లుండగలదో అంచనా వేయు లెక్క మాత్రమే. ఇద్దరి మధ్య 200 తేడా ఉంటే, పైవారికి నాలుగు ఆటలలో సుమారు మూడు పాయింట్లు రావచ్చును. క్రిందివారికి కూడ ఒకటి దక్కును. పైగా ఎక్కడి లెక్క అక్కడిదే. లీచెస్‌లో కొత్తవారు 1500 దగ్గర మొదలుపెట్టుదురు. ఆ అంకెను చెస్ డాట్ కామ్ అంకెతో పోల్చరాదు. బడిలో మేము చూచుచునే ఉన్నాము: మార్కు చూచి ఏడ్చిన పిల్లవాడు తప్పెక్కడ జరిగినదో చూడడు.

ఇక అసలు దోషము. తమ్ముడు ఆడినవన్నీ మూడు నిమిషముల ఆటలట! 2024 డిసెంబరులో న్యూయార్కు నగరములో ప్రపంచ ర్యాపిడ్ పోటీలు జరిగినవి. ర్యాపిడ్ అనగా వేగపు ఆట. అందులో ఒక్కొక్కరికి 15 నిమిషములు, ఎత్తు ఎత్తుకు మరి 10 సెకనులు. మహిళలలో గెలిచినది 1987లో గుడివాడలో పుట్టిన మన కోనేరు హంపిగారే. 2002లో, పదిహేనవ ఏటనే, గ్రాండ్‌మాస్టరు అయిన ఆవిడకు పదిహేను నిమిషములు వేగపు ఆటయైతే, గుర్రపు నడక నిన్న నేర్చిన మనకు మూడు నిమిషములు చాలునా? కొత్తవారు కనీసము ఆ 15 నిమిషముల ఆటనే ఎంచుకొనవలెను. అన్నట్లు, హంపిగారు ఆ పోటీలో మొదటి ఆట ఓడిపోయినారు. పదకొండు ఆటలు ముగియుసరికి ఎనిమిదిన్నర పాయింట్లతో ప్రథమ స్థానములో నిలిచినారు.

సమయము చేతిలో ఉన్నప్పుడు చేయవలసిన పని ఒకటే: ఎదుటివారు ఈ ఎత్తు ఎందుకు వేసినారని అడుగుకొనుట. మనవారు నాలుగు ఎత్తులలో ఓడిపోవు పద్ధతి ఒకటి ఉన్నది. తెల్లవారు రాజు ముందరి బంటును రెండు గళ్ళు జరుపుదురు. మనమూ అట్లే చేయుదుము. వారి మంత్రి ఏటవాలుగా బల్ల అంచుకు వచ్చును. తరువాత వారి శకటు బయలుదేరును. ఆ రెండింటి గురి మన రాజు ప్రక్క శకటు ముందున్న బంటు. దానిని రాజొక్కడే కాపాడుచున్నాడు. నాలుగవ ఎత్తున మంత్రి దానిని తినివేయును, ఆట కట్టు. దీనికి విరుగుడు వరుసలో ఉన్నది. మంత్రి రాగానే, మన మంత్రి వైపు గుర్రమును తీసి ముందుకు వెళ్ళిన బంటుకు కాపు పెట్టవలెను. శకటు వచ్చిన తరువాత, రాజు వైపు గుర్రము ముందరి బంటును ఒక గడి జరిపి మంత్రిని తరుమవలెను. మంత్రి వెనుకకు పోయి మరల అదే బంటు మీద కన్నువేస్తే, రెండవ గుర్రమును అడ్డము దించవలెను. తొందరపడి బంటునే ముందు జరిపినవారు నడిమి బంటును, దాని వెనుకనే ఏనుగును పోగొట్టుకొందురు. మేము పోగొట్టుకొన్నాము, రెండుసార్లు.

ఓడిన ఆటను మరల చూచుట చాలామందికి ఇష్టము ఉండదు. కంప్యూటరు వెంటనే తప్పు చూపును గాని, ఆ క్షణమున మన మనసులో ఏమున్నదో దానికి తెలియదు. కనుక ముందు మనమే చూచి, "ఇక్కడ నా శకటుకు కాపు లేదు, నేను చూడలేదు" అని ఒక నోటుపుస్తకములో వ్రాసికొని, పిమ్మట కంప్యూటరును అడుగవలెను. మా పుస్తకములో ఇరవై ఆటలు ఎక్కినవి. పద్నాలుగింటిలో ఒకే తప్పు. మా గుర్రమును ఊరికే ఇచ్చివేసినాము. దానితోపాటు రోజూ పది నిమిషములు, ఒకటి రెండు ఎత్తులలో ఆట కట్టు చిక్కులు విప్పుచుండిన చాలును. ప్రారంభపు ఎత్తుల గ్రంథములు ఇప్పుడే కొనవద్దు.

ఈ సంగతులన్నీ తమ్మునికి వ్రాసినాము. పది రోజులు జవాబు లేదు. పోయిన సోమవారము మధ్యాహ్నము వాడి దగ్గరనుండి కొత్త ఆట వచ్చినది: రాజు ముందరి బంటు, రెండు గళ్ళు. క్రింద, "అక్కా, ఈసారి నోటుపుస్తకము కొన్నాను, పిన్నికి మోకాలు నొప్పి తగ్గిందని అమ్మకు చెప్పనా?" అని ఉన్నది. మా జవాబు ఎత్తుకు ఇంకా రెండు రోజుల గడువున్నది.