ఫోన్‌లో డాక్టర్: కడుపు పోయినా, కాన్పు అయినా.. దేనికి కాల్ చాలు? ఎప్పుడు ఆస్పత్రికి పరుగెత్తాలి?

గర్భం వచ్చిందంటే నెలనెలా చెకప్‌లు, స్కానింగ్‌లు, ఇంటికొచ్చే ఆశా కార్యకర్త.. అందరి దృష్టీ ఆమె మీదే. అదే గర్భం మధ్యలో పోతే? డిశ్చార్జ్ కాగితం చేతికొచ్చాక పలకరించే వాళ్లు తక్కువ. కాన్పు తర్వాత కూడా అంతే, ఇంట్లో చూపంతా బిడ్డ మీదకు వెళ్తుంది. ఫోన్‌లో, వీడియోలో డాక్టర్‌తో మాట్లాడే సదుపాయం బాగా అక్కరకొచ్చేది ఈ రెండు సమయాల్లోనే.

కేంద్ర ప్రభుత్వ ఈ-సంజీవని సేవ ఉచితం. మొబైల్ నంబర్‌తో రిజిస్టర్ అయి టోకెన్ తీసుకుంటే డాక్టర్ వీడియోలో మాట్లాడతారు, మందుల చీటీ ఫోన్‌కే వస్తుంది. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు ఏపీలో విలేజ్ హెల్త్ క్లినిక్‌కు, తెలంగాణలో పల్లె దవాఖానకు వెళ్తే అక్కడి సిబ్బంది కలుపుతారు. ప్రైవేటు యాప్‌లో మాట్లాడితే మాత్రం చీటీ మీద డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉందో లేదో చూసుకోండి. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం అది ఉండాల్సిందే.

గర్భస్రావం అరుదేం కాదు. నిర్ధారణ అయిన గర్భాల్లో వందకు 10 నుంచి 20 వరకు ఇలా పోతుంటాయి. తొలి 3 నెలల్లో పోయేవాటిలో సగం దాకా పిండంలోని క్రోమోజోమ్‌ల తేడా వల్లే. మెట్లెక్కడం, వంట పని చేయడం లాంటివి కారణం కాదు. ఈ మాట డాక్టర్ చెప్పేటప్పుడు స్పీకర్ ఆన్ చేసి అత్తగారికి కూడా వినిపిస్తే మంచిది, సగం నిందలు అక్కడే ఆగిపోతాయి. రక్తస్రావం ఎన్నాళ్లుంటుంది, మళ్లీ ఎప్పుడు ప్రయత్నించొచ్చు లాంటివన్నీ ఫోన్‌లో అడగొచ్చు.

కానీ గంటకు 2 ప్యాడ్ల చొప్పున వరుసగా 2 గంటలు తడిసిపోతున్నా, జ్వరం వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా టోకెన్ కోసం కూర్చోవద్దు. 108కి కాల్ చేయండి. పొత్తికడుపులో ఒక పక్కే విపరీతమైన నొప్పి వస్తే గర్భం ట్యూబులో ఉండి ఉండొచ్చు, అది ప్రాణాల మీదకు తెస్తుంది. మీది నెగెటివ్ బ్లడ్ గ్రూప్ అయితే ఆ సంగతి మొదటే చెప్పండి. యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమైతే మామూలుగా 72 గంటల్లోపు పడాలి.

గర్భం నిలిచి సాగుతున్నప్పుడు వీడియో కాల్ అదనపు సాయం మాత్రమే. వాంతులకు ఏం వాడాలి, రిపోర్టులో ఈ అంకె ఏంటి అని అడగడానికి సరే. బీపీ చూడటం, రక్తపరీక్ష, స్కానింగ్ మాత్రం నేరుగా చేయించుకోవాల్సిందే.

కాన్పు అయ్యాక కూడా 6 వారాల దాకా బీపీ పెరిగే ముప్పు ఉంటుంది. తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం వస్తే బాలింతకు గాలి తగిలిందని చెవుల్లో దూది పెట్టి ఊరుకోవద్దు. బీపీ 140/90 దాటితే అదే రోజు డాక్టర్‌కు చెప్పాలి, 160/110కి చేరితే నేరుగా ఆస్పత్రికే.

ఇక మనసు సంగతి. కాన్పయిన కొత్తలో ఊరికే ఏడుపు రావడం చాలామందిలో ఉంటుంది, రెండు వారాల్లో సర్దుకుంటుంది. అంతకుమించి సాగితే, బిడ్డను ఎత్తుకోవాలనే అనిపించకపోతే అది డిప్రెషన్ కావొచ్చు. ఎడిన్‌బరో స్కేల్ అనే 10 ప్రశ్నలతో డాక్టర్లు దీన్ని ఫోన్‌లోనే అంచనా వేయగలరు. ప్రభుత్వ టెలి-మానస్ నంబర్ 14416, 24 గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. కడుపు పోయిన బాధకూ ఇదే నంబర్, భర్త కూడా చేయొచ్చు. పది మంది మధ్య కూర్చుని మాట్లాడితే నిజం బయటకు రాదు, కాసేపు ఆమెను డాబా మీదకు ఒంటరిగా వెళ్లనివ్వండి. అయితే చనిపోవాలనో, బిడ్డను ఏమైనా చేయాలనో ఆలోచనలు వస్తున్నాయని చెబితే మాత్రం ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఉద్యోగం చేసేవాళ్లు డిశ్చార్జ్ కాగితం, స్కానింగ్ రిపోర్టు దాచుకోండి. గర్భస్రావమైతే 6 వారాల వేతన సెలవు 1961 ప్రసూతి చట్టం నుంచీ ఉంది, దానికి ఆధారం అడుగుతారు.