అందరికీ ఒకే త్రాసు

దైవప్రవక్త ముహమ్మద్ (స) అజ్ద్ తెగకు చెందిన ఒక వ్యక్తిని జకాత్ వసూలుకు పంపారు. ఆయన పేరు ఇబ్నుల్ లుత్బియ్యా. వసూలు ముగించుకుని మదీనాకు తిరిగివచ్చిన ఆయన, ఇది మీకు చెందవలసిన సొమ్ము, ఇది నాకు కానుకగా వచ్చిన సొమ్ము అంటూ రెండు వాటాలు చూపించాడు. ప్రవక్త (స) ఈ విషయాన్ని గుట్టుగా సర్దేయలేదు. మింబర్ ఎక్కి అందరి ఎదుటా ప్రస్తావించారు. ఆ మనిషి తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ కానుకలు వచ్చేవా అని నిలదీశారు. అలా తీసుకున్నది ఒంటె అయినా, ఆవు అయినా, మేక అయినా ప్రళయదినాన మెడపై మోసుకుని రాక తప్పదని హెచ్చరించారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఈ సంఘటన నమోదై ఉంది.

ఆయన చేస్తున్నది ధర్మకార్యమే. అయినా ఆ కారణంగా తప్పు చిన్నదైపోలేదు. మఖ్జూమ్ వంశపు స్త్రీ దొంగతనం చేసినప్పుడు సిఫారసుకు వచ్చిన ఉసామా (రజి)కు కూడా ప్రవక్త (స) ఇదే బోధించారు. గొప్పవారిని వదిలి, బలహీనులను మాత్రమే శిక్షించడం వల్లనే పూర్వజాతులు నాశనమయ్యాయన్నారు. తన కుమార్తె ఫాతిమా (రజి)కైనా మినహాయింపు ఉండదన్నారు. 632లో ఖలీఫా బాధ్యత స్వీకరించిన హజ్రత్ అబూబక్ర్ (రజి) తొలి ప్రసంగంలోనే, తాను మంచి చేస్తే సహకరించమని, తప్పు చేస్తే సరిదిద్దమని ప్రజలను కోరారు.

మరి మన మధ్య జరుగుతున్నదేమిటి? కిరాణాకొట్టు గుమాస్తా లెక్క తప్పితే ఆ సాయంత్రమే అడుగుతాం. మస్జిద్ దుకాణాల అద్దెలు, రమజాన్ చందాలు, ఖుర్బానీ తోళ్ల సొమ్ము ఏమయ్యాయని ఒక యువకుడు అడిగితే మాత్రం, పెద్దవారినే ప్రశ్నిస్తావా అని నోరు మూయిస్తాం. వక్ఫ్ ఆస్తిని చూసే ముతవల్లీ ఏటా బోర్డుకు లెక్కలు సమర్పించాలని 1995 నాటి చట్టమే చెబుతోంది. లెక్క అడగడం అగౌరవం కాదు. అమానతును కాపాడడంలో అది ఒక భాగం.

ఇంతకంటే బరువైనది పిల్లల విషయం. చదువు చెప్పే పెద్దమనిషి వల్ల బిడ్డకు హాని జరిగిందని తెలిసినా, ధర్మానికి చెడ్డపేరు వస్తుందని దాచిపెట్టేవారు ప్రతి మతంలోనూ ఉన్నారు. చెడ్డపేరు తెచ్చేది బిడ్డ చెప్పిన మాట కాదు. ఆ దుర్మార్గం, దాన్ని కప్పిన మన మౌనం. విద్యాసంస్థల్లో, మత సంస్థల్లో పనిచేసేవారు అక్కడి పిల్లలపై లైంగిక దాడికి పాల్పడితే 2012 నాటి పోక్సో చట్టం దానిని మరింత తీవ్రమైన నేరంగా పరిగణిస్తుంది. తెలిసి కూడా ఫిర్యాదు చేయకపోవడం శిక్షార్హమే. కనుక తల్లిదండ్రులారా, బిడ్డ నోరు విప్పినప్పుడు ముందు వినండి. కమిటీలో రాజీ కోసం ఎదురుచూడకండి.

అయితే ఒకే త్రాసు అన్నప్పుడు రెండో వైపూ చూడాలి. ఎవరో తెచ్చిన వార్తను విచారించకుండా నమ్మవద్దని దివ్యఖుర్ఆన్ హుజురాత్ సూరా ఆదేశిస్తోంది. ఈ రక్షణ మౌల్వీ సాబ్‌కు కూడా వర్తిస్తుంది. వదంతి ఆధారంగా ఆయన పరువు తీయడం పాపం. ఇమామ్‌కు, ముఅజ్జిన్‌కు నెలనెలా జీతం సరిగా ఇవ్వకుండా, వారు వేసుకున్న చెప్పుల ఖరీదు లెక్కపెట్టడం కూడా అన్యాయమే.

న్యాయం కోసం నిలబడండి, అది మీకు, మీ తల్లిదండ్రులకు, మీ బంధువులకు వ్యతిరేకమైనా సరే అని నిసా సూరా విశ్వాసులను ఆదేశిస్తోంది. అందులో పండితులకు వేరే నియమం లేదు. వారి విద్యను గౌరవిద్దాం, వారి వెనుక నమాజు చేద్దాం. జుమా నమాజు తరువాత మస్జిద్ గోడమీద ఆదాయవ్యయాల కాగితం అంటించమని కమిటీ పెద్దలను మర్యాదగా అడుగుదాం. నిజాయితీగా పనిచేస్తున్నవారు అందుకు సంతోషిస్తారు.