పచ్చ పెట్టెలో పరుగెత్తే మనిషి

సూర్యాపేట ఆసుపత్రికి వెళ్లినా, కోదాడ బట్టల దుకాణానికి వెళ్లినా, మిర్యాలగూడ బ్యాంకుకు వెళ్లినా, ఏదో ఒక తలుపు నెత్తిన పచ్చ పెట్టెలో గుమ్మం దాటుతున్న తెల్ల మనిషి కనిపిస్తాడు. అతని పుట్టిల్లు జపాన్.

1972లో ఒసాకాలోని సెన్నిచి డిపార్ట్‌మెంట్ స్టోర్ తగలబడి 118 మంది చనిపోయారు. మరుసటి ఏడాది కుమమోటోలోని తైయో స్టోర్ వందమందికి పైగా బలిగొంది. దారి చూపే బోర్డులు అప్పటికీ ఉన్నాయి, కానీ అక్షరాల్లో. ప్రాణం మీదికొచ్చినప్పుడు కూడబలుక్కుని చదివే తీరిక ఎవరికి? బొమ్మ కోసం 1970ల చివర్లో పోటీ పెడితే 3 వేలకు పైగా వచ్చాయి. ఎంపికైనదానికి యుకియో ఓటా అనే డిజైనర్ మెరుగులు దిద్దారు. సోవియట్ యూనియన్ తన బొమ్మతో పోటీకి దిగినా, 1980ల్లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ దీన్నే ఖాయం చేసింది. అమెరికా మాత్రం చాలాచోట్ల ఇప్పటికీ ఎర్ర అక్షరాలనే నమ్ముకుంది.

ఆ నమ్మకం నాకు నచ్చదు. మసక వెలుతురులో మన కంటికి ఎరుపు నల్లబడిపోతుంది, పచ్చ నిలుస్తుంది. పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త 19వ శతాబ్దంలోనే ఈ తేడా గమనించాడు. పైగా ఎర్రటి మంటల నడుమ ఎర్ర దీపాన్ని ఎలా గుర్తుపట్టాలి?

పెట్టె విప్పితే ఎల్‌ఈడీలు, చిన్న బ్యాటరీ ఉంటాయి. కరెంటు ఉన్నంతసేపు బ్యాటరీ చార్జవుతుంది, పోగానే దీపాన్ని తను మోస్తుంది. చాలావాటికి బయట టెస్ట్ బటన్ ఉంటుంది. నొక్కిపడితే కరెంటు తెగి బొమ్మ బ్యాటరీ మీద వెలగాలి. ఆరిపోయిందా, బ్యాటరీ చచ్చినట్టే. బిగించిన రోజు తర్వాత ఆ బటన్ మీద ఎవరి వేలూ పడదు, అదీ మన తీరు. బ్యాటరీ అక్కర్లేని రకమూ ఉంది. స్ట్రాన్షియం అల్యూమినేట్ పూసిన పట్టీ వెలుతురును పట్టి ఉంచుకుని, చీకట్లో గంటల తరబడి మెరుస్తుంది. పొగ ముందు పైకప్పునే కమ్ముతుంది కాబట్టి, తలుపు మీది పెట్టె కనబడకుండా పోవచ్చు. నేలకు దగ్గరగా అంటించిన పట్టీ అప్పుడు అక్కరకొస్తుంది.

2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో పొగకు ఊపిరాడక ఆరుగురు పోయారు. అందరూ పొట్టచేతబట్టుకుని జిల్లాల నుంచి వచ్చిన కుర్రకారే. ఇప్పుడు జిల్లా పట్టణాల్లోనూ అంతస్తులు లేస్తున్నాయి. కింద షోరూం, పైన కోచింగ్ సెంటరు, మెట్ల మీద అట్టపెట్టెలు. పిలవనివాళ్లు దూరతారని వెనక తలుపుకు తాళం. తప్పించుకునే తలుపు తాళంచెవి లేకుండా తెరుచుకోవాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతోంది.

పెళ్లికి ఫంక్షన్ హాలు మాట్లాడుకునేటప్పుడు పచ్చ బొమ్మ కింది తలుపు ఒక్కసారి తీయించి చూడండి. తాళంచెవి ఎవరి దగ్గరుందో అని మేనేజరు వెతుకులాట మొదలుపెడితే అడ్వాన్సు ఇవ్వకండి.