కంట్లో లెన్సు.. కాలవలో మునక!

ఎనిమిదో తరగతి నుంచీ నా పేరు సోడాబుడ్డే. అసలు పేరు హాజరుపట్టీలో ఉండేది, అంతే. రెండు కళ్లకీ మైనస్ 5. అందుకే హైదరాబాద్‌లో ఉద్యోగం రాగానే మొదటి జీతంతో కాంటాక్ట్ లెన్సులు కొనేశా. మూడు నెలలు తిరక్కుండానే ఓ కన్ను పోగొట్టుకునేదాన్ని. తప్పు లెన్సుది కాదండోయ్, నాదే!

సంక్రాంతికి అమలాపురం దగ్గర మా ఊరొచ్చా. స్టైలు కదా, కళ్లజోడు హైదరాబాద్‌లోనే వదిలేశా. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం. గంగలకుర్రు అగ్రహారం ప్రభ ఎగువ కౌశికలోకి దిగిందంటే ఇక ఎవరాగుతారు? మేమూ మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగాం. ఆ తోపులాటలో కాలు జారి ఓ మునక వేశా. కళ్లు నులుముకుంటూ ఇంటికొచ్చి, సొల్యూషన్ అయిపోయిందని లెన్సులు తీసి బోరు నీళ్లతో కడిగి మళ్లీ పెట్టేసుకున్నా. రాత్రి వాటితోనే నిద్రపోయా.

తెల్లారేసరికి కుడి కన్ను మందారప్పువ్వు. కిటికీ తలుపు తీస్తే సూదులు గుచ్చినట్టుంది. ‘కళ్లకలకేమోనే’ అంది అమ్మ. పెద్దమ్మేమో నందివర్ధనం పూలు కోసుకొచ్చింది. నాన్న మందుల షాపులో చుక్కలు తెస్తానన్నారు. తెచ్చేలోపే నొప్పి ఎక్కువై కళ్ల డాక్టరు దగ్గరికి పరిగెత్తాం.

ఆయన అడిగిన మొదటి ప్రశ్న: ‘లెన్సులు పెట్టుకుంటావామ్మా?’ రెండోది: ‘నీళ్లు తగిలాయా?’ రెండింటికీ తలూపా.

నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొర, అదే కార్నియా మీద పుండు పడిందన్నారు. ఆ పొరలో రక్తనాళాలుండవట. ఆక్సిజన్‌ని చాలావరకూ నేరుగా గాల్లోంచే తీసుకుంటుంది. లెన్సు పెడితే దానికి గాలి తగ్గుతుంది, పైగా రెప్ప మూసి పడుకుంటే ఇంకా తగ్గుతుంది. అప్పుడు చిన్న గీత పడినా చాలు, క్రిములకి దారి దొరికినట్టే. కాలవ, చెరువు, బోరు, కుళాయి... ఏ నీళ్లలోనైనా అకాంతమీబా అనే అమీబా ఉండొచ్చు. అది కంట్లో చేరితే వైద్యం నెలల తరబడి సాగుతుంది, చూపు పోయినా పోవచ్చు.

నా అదృష్టం, నాకొచ్చింది బ్యాక్టీరియా. మొదటి రెండ్రోజులు రాత్రీ పగలూ గంటకోసారి చుక్కలు. అమ్మ అలారం పెట్టుకుని మరీ లేచి వేసింది. మూడు వారాలకి మానింది. కంటి అంచున సన్నటి మచ్చ మిగిలింది. అదే మధ్యలో పడుంటే ఈ కథ వేరేలా ఉండేది.

కొనేముందు...

కళ్లజోడు చీటీ చూపించి లెన్సులు ఆర్డర్ పెట్టేయొద్దు. అద్దం కంటికి కాస్త దూరంగా ఉంటుంది, లెన్సు కంటి మీదే కూర్చుంటుంది. అందుకే పవర్ 4 దాటితే లెక్క మారుతుంది. నా మైనస్ 5 లెన్సులో మైనస్ 4.75 అయింది. కార్నియా వంపు కొలిచి, లెన్సు సరిగ్గా కూర్చుందో లేదో డాక్టరు చూడాలి. పవర్ లేని రంగు లెన్సులకీ ఇదే రూలు.

పెళ్లిళ్లకీ ఫంక్షన్లకీ అయితే ఒక్కరోజు వాడి పారేసేవి మేలు. కడిగే పనే లేదు. నెలవారీ లెన్సులంటే ప్యాకెట్ తెరిచిన రోజు నుంచి నెల. ‘పదిసార్లే పెట్టానుగా’ అనే లెక్క చెల్లదు.

వాడేటప్పుడు...

• సబ్బుతో చేతులు కడిగి, పూర్తిగా తుడుచుకున్నాకే లెన్సు ముట్టుకోండి. తలకి కొబ్బరినూనె రాసిన చేత్తో అస్సలొద్దు.
• తీశాక అరచేతిలో వేసి సొల్యూషన్‌తో మెల్లగా రుద్ది కడగండి. డబ్బాలో రోజూ కొత్త సొల్యూషన్ పోయాలి. పాతదాంట్లో కలపొద్దు. సెలైన్ వేరు, అది క్రిముల్ని చంపదు.
• ఖాళీ డబ్బాని సొల్యూషన్‌తోనే కడిగి బోర్లించి ఆరబెట్టండి. మూడు నెలలకోసారి మార్చేయండి.
• స్నానానికీ ఈతకీ నిద్రకీ ముందు తీసేయండి.
• కాటుక పెట్టకముందే లెన్సు పెట్టాలి, మేకప్ తుడవకముందే తీయాలి.
• చెల్లి అడిగినా సరే, మీ లెన్సు ఇవ్వొద్దు.
• ఎరుపు, నొప్పి, మసక, వెలుతురు చూడలేకపోవడం... ఏది కనిపించినా లెన్సు తీసి అదే రోజు డాక్టర్ని కలవండి. లెన్సునీ డబ్బానీ పట్టుకెళ్లండి, పరీక్షకి పనికొస్తాయి. సొంతంగా చుక్కలు కొనొద్దు. స్టెరాయిడ్ ఉన్నవైతే జబ్బు ముదురుతుంది.

1961లో చెక్ శాస్త్రవేత్త ఒటో విక్టర్లే పిల్లల ఆటబొమ్మల సెట్టుకి సైకిల్ డైనమో తగిలించి వంటింట్లో మెత్తటి లెన్సులు చేశాడు. అంత కష్టపడి ఆయన ఇచ్చిన సుఖాన్ని నేను బోరు నీళ్లలో కలిపేశాను చూడండి!

ఇప్పటికీ లెన్సులు మానలేదు. పెళ్లిళ్లకి పెట్టుకుంటా. బ్యాగులో కళ్లజోడు మాత్రం తప్పనిసరి. మొన్న తీర్థానికి దాంతోనే వెళ్లా. ‘ఏంటే, మళ్లీ సోడాబుడ్డివయ్యావా?’ అన్నాడు బావ. కౌశిక దాటుతున్న ప్రభ రంగు కాగితాలతో సహా స్పష్టంగా కనిపిస్తోంది.

‘ఆయ్, సోడాబుడ్డినే!’ అన్నా.